నల్ల అక్షరాలే ప్రింట్ తీస్తున్నా రంగు ఇంకు ఎందుకు అయిపోతోంది?

వానకోయిల:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ప్రింటర్ కొని ఏడాది దాటింది. మామూలు ఇంక్‌జెట్. నలుపుకి ఒక కార్ట్రిడ్జ్, మూడు రంగులూ కలిపి ఇంకొకటి. ఇద్దరు పిల్లల వర్క్‌షీట్లు, అప్పుడప్పుడు ఏదో ఒక ఫారం, అంతకుమించి వాడకం లేదు. వారానికి పది, పదిహేను పేజీలు. దాదాపు అన్నీ నల్ల అక్షరాలే. అయినా మొన్న రంగుల కార్ట్రిడ్జ్ ఖాళీ అయిందని చూపించింది. ఏడాదిలో ఇది మూడోసారి. ఒక్క ఫోటో కూడా తీయలేదు.

కొత్త కార్ట్రిడ్జ్‌ల జత ధర చూస్తే, ఇంకాస్త కలిపితే కొత్త ప్రింటరే వచ్చేలా ఉంది. నాకు తెలియాల్సినవి రెండు. ఆ రంగు ఇంకు ఎటు పోతోంది? ఈ ప్రింటర్‌నే జాగ్రత్తగా వాడుకుంటే ఖర్చు తగ్గుతుందా, లేక సీసాలతో ఇంకు పోసుకునే ట్యాంక్ ఉన్నదానికి మారిపోవాలా?

పాతరేడియో:
వానకోయిల గారూ, నేను ప్రింటర్లు బాగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఏదైనా చెప్పేముందు మూడు సంగతులు అడుగుతాను. ప్రింటర్‌ని ఎలా ఆపుతారు, దాని మీదున్న బటన్‌తోనా, గోడ స్విచ్‌తోనా? ప్రింట్ ఇచ్చేటప్పుడు కాగితం రకం అన్న చోట ఏం ఉంది? వారంలో ఆ పదిహేను పేజీలూ ఒకేసారి తీస్తారా, రోజుకు రెండు మూడు చొప్పునా?

వానకోయిల:
గోడ స్విచ్ కట్టేస్తానండి. ఊరికే కరెంటు కాలడం ఎందుకని. కాగితం రకం ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడు చూస్తే ‘ఆటోమేటిక్’ అని ఉంది. పేజీలు మాత్రం రోజూ కొన్ని. పిల్లలు వచ్చి అడిగినప్పుడల్లా ఆన్ చేస్తాను, రెండు పేజీలు తీస్తాను, ఆపేస్తాను.

పాతరేడియో:
సగం జవాబు మీ మాటల్లోనే ఉంది.

ఇంక్‌జెట్ ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. వెంట్రుక కంటే సన్నటి రంధ్రాల్లోంచి అది బయటికి చిమ్ముతుంది. ఆ రంధ్రాలకు గాలి తగిలితే నీరు ఆరిపోయి చివర గట్టిపడుతుంది. అలా కాకుండా, పని అయిపోగానే ప్రింటర్ ఆ రంధ్రాలున్న భాగాన్ని, అంటే హెడ్‌ని, ఒక పక్కకు తీసుకెళ్లి రబ్బరు మూత మీద కూర్చోబెడుతుంది. మీరు బటన్‌తో ఆపినప్పుడు ఒకటి రెండు క్షణాలు గరగరమని చప్పుడు వస్తుందే, అది ఇదే పని. గోడ స్విచ్ కట్టేస్తే ఒక్కోసారి ఆ మూత సరిగా పడకముందే కరెంటు పోతుంది. కొన్ని మోడళ్లకైతే తాము ఎంతసేపు ఆగి ఉన్నదీ తెలియదు కాబట్టి, మళ్లీ ఆన్ చేయగానే ముందుజాగ్రత్తగా హెడ్ శుభ్రం చేసుకుంటాయి.

ఆ శుభ్రం చేయడం అంటే నీళ్లతో కడగడం కాదు. ఇంకునే బయటికి లాగి, అడుగున ఉన్న స్పాంజి లాంటి మెత్త మీదికి వదలడం. మీరు నలుపే వాడినా అన్ని రంగుల రంధ్రాలకూ ఆ సేవ జరుగుతుంది. పసుపు ఒక్కసారి కూడా కాగితం మీద పడకపోయినా పసుపు తగ్గుతుంది. మీ ఇంట్లో రోజూ ఆన్ చేసి ఆపేస్తున్నారంటే ఎన్నిసార్లు ఈ కడుగుడు జరిగి ఉంటుందో లెక్కేసుకోండి. మీ రంగు ఇంకులో మంచి వాటా కాగితం చూడకుండానే ఆ మెత్తలోకి పోయిందని నా అభిప్రాయం.

కాబట్టి ఇవాళ్టి నుంచి బటన్‌తోనే ఆపండి. నిద్రలోకి వెళ్లే సదుపాయం ఉంటే రోజంతా అలా వదిలేసినా కాలే కరెంటు చాలా తక్కువ. రోజూ వాడే ఇంట్లో పదేపదే ఆన్, ఆఫ్ చేయడం కంటే అదే మేలు.

మూడోబెంచి:
పాతరేడియో గారు చెప్పింది ఒక దారి, రంగు పోయే దారి ఇంకొకటి కూడా ఉంది అక్కా. వర్క్‌షీట్లు చూడ్డానికి నలుపే. కానీ అందులో బూడిద రంగు గీతలు, నీడలు, చిన్న బొమ్మలు ఉంటాయి కదా. సెట్టింగ్ మామూలుగా వదిలేస్తే ఆ బూడిద రంగుని చాలా ప్రింటర్లు మూడు రంగులూ కలిపి తయారుచేస్తాయి. నీలం లింకులు, పైన ఉండే లోగో సంగతి సరేసరి.

ప్రింట్ నొక్కగానే వెంటనే పంపేయకుండా ‘ప్రాపర్టీస్’ లేదా ‘ప్రిఫరెన్సెస్’లోకి వెళ్లు. అక్కడ గ్రేస్కేల్ అని ఉంటుంది. దాని పక్కనే కొన్నింటిలో ‘నల్ల ఇంకు మాత్రమే’ అన్న అర్థం వచ్చే ఎంపిక విడిగా ఉంటుంది. ఈ రెండూ ఒకటి కాదు! గ్రేస్కేల్ అంటే కాగితం మీద నలుపు, బూడిద కనిపించాలని మాత్రమే. దాన్ని ఏ ఇంకుతో చేయాలో ప్రింటర్ ఇష్టం. రెండోది ఎంచుకుంటేనే రంగుల జోలికి పోదు. నేను చాలా రోజులు మొదటిదే పెట్టుకుని, ఇంకు ఎందుకు తగ్గుతోందో అర్థంకాక టెన్షన్ పడ్డాను.

లెక్కలబుక్కు:
కాగితం రకం గురించి పాతరేడియో గారు ఎందుకు అడిగారో నేను చెప్తాను. ఫోటో కాగితం అని పెట్టి ఉంటే చాలా మోడళ్లు నల్ల కార్ట్రిడ్జ్‌ని పక్కన పెట్టేస్తాయి. అక్షరాల కోసం ఇచ్చే నలుపు తరచుగా పిగ్మెంట్ రకం, అంటే కరగని సన్నటి రంగు పొడి కలిపిన ఇంకు, నునుపు కాగితం మీద అది సరిగా అంటుకోదు. అందుకని రంగులు కలిపి నలుపు చేస్తాయి. అలాంటప్పుడు ‘నల్ల ఇంకు మాత్రమే’ అని పెట్టినా పట్టించుకోకపోవచ్చు. సాదా కాగితం అని మీ చేత్తో పెట్టండి, ఆటోమేటిక్‌కి వదలొద్దు.

పాతరేడియో:
అవును, సరిగ్గా అందుకే అడిగాను.

లెక్కలబుక్కు:
ఇక డబ్బు లెక్క. ప్రింటర్ ధర చూసి కొనేవాళ్లం మనం, చూడాల్సింది పేజీకి పడే ఖర్చు. కార్ట్రిడ్జ్ ధరను అది ఇచ్చే పేజీల సంఖ్యతో భాగించండి. ఆ సంఖ్య పెట్టె మీదో, తయారీదారు సైటులోనో ఉంటుంది. ఉదాహరణకు హెచ్‌పీ 680 నల్ల కార్ట్రిడ్జ్‌కి సుమారు 480 పేజీలు, అదే రంగులదానికి సుమారు 150 పేజీలు అని కంపెనీ చెప్తుంది. ట్యాంక్ ప్రింటర్లలో పోసే ఎప్సన్ 003 నల్ల సీసా 65 మిల్లీలీటర్లు, దానికి సుమారు 4,500 పేజీలు. హెచ్‌పీ జీటీ53 నల్ల సీసా 90 మిల్లీలీటర్లు, సుమారు 4,000 పేజీలు. మీ దగ్గర ధరలు వేసి భాగహారం చేయండి, తేడా మీకే కనిపిస్తుంది.

ఈ సంఖ్యల్లో ఒక మెలిక ఉంది. రంగు ఇంక్‌జెట్‌లకు ఈ పేజీల లెక్క ఐఎస్‌ఓ/ఐఈసీ 24711 అనే ప్రమాణం ప్రకారం కడతారు. నిర్ణీత పరీక్ష పేజీలను ఆపకుండా వరసగా ప్రింట్ తీస్తూ పోతారు. మనం ఇంట్లో అలా తీయం. మధ్యలో ఆపుతాం, మళ్లీ ఆన్ చేస్తాం, వారం వదిలేస్తాం. ఆ మధ్యలో కడుగుడుకి పోయే ఇంకు ఆ పరీక్షలో పెద్దగా కనిపించదు. కాబట్టి వానకోయిల గారిలా రోజుకు రెండు పేజీలు తీసే ఇంట్లో పెట్టె మీదున్న అంకె రావడం కష్టం. కంపెనీ అబద్ధం చెప్పిందని కాదు, వాళ్లు కొలిచిన వాడకం వేరు, మనది వేరు.

ఇంకొకటి. కొత్త ప్రింటర్‌తో వచ్చే కార్ట్రిడ్జ్‌లు చాలాసార్లు సగమే నింపినవి. ‘ఇంకు అయిపోతే కొత్త ప్రింటరే కొంటా’ అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. కార్ట్రిడ్జ్‌ల ధర మీద కోపంతో కొత్త ప్రింటర్ కొంటే చేతికొచ్చేది సగం నిండినవి, పైగా పనిచేసే యంత్రం చెత్తలోకి పోతుంది. ఆ చెత్త గురించి ఎవరూ ఆలోచించకపోవడం నాకు నిజంగా బాధ.

వానకోయిల:
ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, చాలా థాంక్స్ అండి. ఇవాళే మూడూ మార్చాను. ‘నల్ల ఇంకు మాత్రమే’ అన్నది గ్రేస్కేల్ కింద చిన్న జాబితాలో దాక్కుని ఉంది. ఏడాదిగా దాన్ని చూడనేలేదు.

కొండగాలి:
ఎవరూ రీఫిల్ మాట ఎత్తలేదేంటి? నేను ఆరేళ్లుగా సిరంజితో ఇంకు నింపుకుంటున్నాను. హెడ్ కలిసి ఉండే కార్ట్రిడ్జ్ అయితే నాలుగైదు సార్లు హాయిగా నింపొచ్చు. ఖర్చు అసలుదాంట్లో చిన్న వంతు. ఖాళీ అని చూపించే హెచ్చరికను దాటేసి ప్రింట్ ఇస్తే చాలు.

గడపదీపం:
రీఫిల్ చేస్తే చట్టపరంగా ఏమైనా ఇబ్బందా? పేటెంట్ అదీ ఇదీ అని ఎక్కడో చదివాను.

లెక్కలబుక్కు:
ఆ వివాదం అమెరికాలో సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. లెక్స్‌మార్క్ కంపెనీకి, వాడేసిన కార్ట్రిడ్జ్‌లను నింపి అమ్మే ఇంప్రెషన్ ప్రొడక్ట్స్‌కి మధ్య కేసు. ఒకసారి వస్తువు అమ్మేశాక దాని మీద పేటెంట్ హక్కు అయిపోయినట్టే అని 2017 మే 30న తీర్పు వచ్చింది. అది ఆ దేశపు చట్టం. ఇంట్లో మన కార్ట్రిడ్జ్‌ని మనం నింపుకోవడం దగ్గర అసలు సమస్య కోర్టుతో కాదు, కార్ట్రిడ్జ్ ఎవరిదో ప్రింటర్‌కి చెప్పే చిప్‌తో.

మూడోబెంచి:
అవును, చిప్ గురించి జాగ్రత్త. ప్రింటర్ నెట్‌కి కలిపి ఉంటే దాని సాఫ్ట్‌వేర్ తనంతట తనే అప్‌డేట్ అవుతుంది. ఆ తర్వాత బయటి, అంటే వేరే కంపెనీల కార్ట్రిడ్జ్‌లను ఒప్పుకోకపోవచ్చు. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు చాలావాటిలో ఇలాగే జరిగి పెద్ద గొడవైంది. నిన్నటిదాకా పనిచేసిన బయటి కార్ట్రిడ్జ్‌లను ఒక్క రోజులో వద్దనేశాయి. వేరే కంపెనీ చిప్ ఉన్నవాటిని అడ్డుకుంటామని ఇప్పుడు ఆ కంపెనీ పెట్టెల మీదే రాస్తోంది. కొనేముందు ఆ చిన్న అక్షరాలు చదవాలి.

నెలవారీ ఇంకు పథకాలు కూడా అంతే. నెలకు ఇన్ని పేజీలకని కడతాం. పథకం మానేస్తే ఆ కార్ట్రిడ్జ్‌లో ఇంకు మిగిలి ఉన్నా పనిచేయదు. ప్రతి నెలా ఒకే రకంగా వాడేవాళ్లకు సరిపోతుందేమో. వాడకం ఒక నెల ఎక్కువ, ఒక నెల సున్నా అయ్యే ఇంటికి నేనైతే చెప్పను.

పాతరేడియో:
కొండగాలి గారూ, మీ చేయి తిరిగిన పని కాబట్టి మీకు నడుస్తోంది. కానీ కొత్తవాళ్లకు రెండు విషయాలు చెప్పకుండా సిరంజి ఇవ్వకూడదు.

మొదటిది, ఖాళీ అయిన కార్ట్రిడ్జ్‌ని అలాగే నడపొద్దు. ఈ రకం హెడ్‌లలో చిన్న హీటర్లు ఇంకుని ఒక్క క్షణం వేడిచేసి బుడగ పుట్టిస్తాయి, ఆ బుడగే చుక్కని బయటికి తోస్తుంది. ఇంకు లేకుండా అదే పని చేయిస్తే చల్లబరిచేది లేక ఆ హీటరు మాడిపోతుంది. తర్వాత ఎంత నింపినా గీతలే. అక్షరం వెలవెలబోతోందని కనిపించగానే ఆపి నింపాలి.

రెండోది, పిగ్మెంట్ ఉండాల్సిన చోట డై (పూర్తిగా కరిగిన రంగు), డై ఉండాల్సిన చోట పిగ్మెంట్ పోస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. నా దగ్గరికి వచ్చే ట్యాంక్ ప్రింటర్లలో ఈ బాధతో వచ్చేవి ఎక్కువ. చాలా ట్యాంక్ మోడళ్లలో హెడ్ యంత్రంలో భాగం. కార్ట్రిడ్జ్‌లా తీసి పారేయలేం. అది చెడితే మిగిల్చిన డబ్బంతా ఒక్కసారే పోతుంది. పైగా బయటి ఇంకుతో వచ్చిన నష్టానికి వారంటీ ఇవ్వరు.

అయితే హెచ్చరిక విషయంలో మీ మాట నిజం. ‘ఇంకు తక్కువ’ అన్నది చాలా ప్రింటర్లలో కొలిచి చెప్పేది కాదు, ఎన్ని చుక్కలు చిమ్మిందో లెక్కపెట్టి వేసే అంచనా. అది చూడగానే కొత్త కార్ట్రిడ్జ్ కొనుక్కుని పక్కన పెట్టుకోండి, మార్చకండి. అక్షరం పలచబడే దాకా వాడుకోండి.

కొండగాలి:
ఒప్పుకుంటాను. మొదట్లో నేనూ ఒక కార్ట్రిడ్జ్ మాడ్చాను. సరైన ఇంకు, శుభ్రమైన చేతులు, ఓపిక ఉంటేనే. పిల్లలున్న ఇంట్లో ఆ సీసాలు తెరిచిపెట్టడం కూడా నాకు ఇష్టం ఉండదు.

తెల్లకాగితం:
నేను వేరే దారి చెప్తాను. రంగు అక్కర్లేకపోతే నలుపు లేజర్ కొనుక్కోండి. టోనర్ పొడి, అందులో ఆరిపోయేది ఏమీ లేదు. మూడు నెలలు ముట్టుకోకపోయినా మొదటి పేజీ చక్కగా వస్తుంది. కడుగుడు లేదు, మూత లేదు. మా నాన్నగారికి నెలకు నాలుగు కాగితాలు కావాలి, ఇంక్‌జెట్‌తో ప్రతిసారీ గీతలే వచ్చేవి. లేజర్ పెట్టాక ఆ బాధ తప్పింది. ప్రింటర్ ధర కొంచెం ఎక్కువ, అంతే. రంగు లేజర్ మాత్రం నాలుగు టోనర్లు కొనాలి, ఇంటికి బరువే.

గడపదీపం:
మాకు ట్యాంక్ ప్రింటర్ ఉంది, రెండేళ్లయింది. మేము ఇంట్లోనే చిన్న ట్యూషన్ చెప్తాం, వారానికి వంద పేజీలు దాటుతాయి. మాకు ఇది వరం. కానీ కొనగానే సీసాలు పోస్తే కొంత ఇంకు గొట్టాలు నింపడానికే పోయింది. మొదటి సీసాలకు చెప్పినన్ని పేజీలు రాలేదని బెంగపడ్డాను, తర్వాతి సీసాల నుంచి సరిగానే వస్తున్నాయి. ట్యాంకు మీదున్న కింది గీత కంటే ఇంకు దిగకుండా చూసుకోవాలి, లేకపోతే గొట్టాల్లోకి గాలి పోతుంది.

ఒకసారి సెలవులకు నెల రోజులు ఊరెళ్లి వచ్చాం. నీలం రాలేదు. కంగారుపడి హెడ్ క్లీనింగ్ ఏడెనిమిది సార్లు వరసగా నొక్కాను. ట్యాంకులో మట్టం కళ్లముందే దిగిపోయింది, నీలం మాత్రం రాలేదు!

పాతరేడియో:
అలా ఎప్పుడూ చేయకండి. ముందు నాజిల్ చెక్, అంటే రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూపే గీతల పేజీ, తీయాలి, దానికి ఇంకు చుక్కంత చాలు. గీతల్లో ఖాళీలుంటేనే ఒక్కసారి క్లీనింగ్, మళ్లీ నాజిల్ చెక్. ఇలా రెండు మూడు సార్లు చేసినా మారకపోతే బటన్‌తో ఆపేసి రాత్రంతా వదిలేయండి. గట్టిపడ్డ ఇంకు కొత్త ఇంకుకి నాని మెత్తబడుతుంది, గాలి బుడగలు పైకి పోతాయి. పొద్దున్న మళ్లీ చూడండి. ‘పవర్ క్లీనింగ్’ అనేది ఆఖరి మాట, అది చాలా ఇంకు తాగుతుంది.

ఆ మెత్త కూడా ఎప్పటికీ తాగుతూనే ఉండదు. ఎంత ఇంకు అందులోకి పోయిందో ప్రింటర్ లెక్కపెడుతుంది. నిండిందని తేలితే ప్రింట్ చేయడం మానేస్తుంది. కొన్ని మోడళ్లలో అది మనమే మార్చుకునే చిన్న పెట్టె, కొన్నింటిలో విప్పి మార్పించాలి. కొనేటప్పుడు ఇది అడగండి. అనవసరమైన ప్రతి క్లీనింగ్‌తో ఇంకూ పోతుంది, ఆ మెత్త ఆయుష్షూ తగ్గుతుంది.

ఊరెళ్లేవాళ్లు తిరిగి రాగానే ఒక పేజీ తీయండి. ఇంట్లో ఉన్నప్పుడు వాడకం లేకపోతే వారం, పది రోజులకోసారి అన్ని రంగులూ ఉన్న చిన్న బొమ్మ ఒకటి తీయండి. క్లీనింగ్ కంటే అది చవక.

మూడోబెంచి:
నా వంతు ఇంకాస్త. ఇంకు పొదుపు అంటే అసలు ప్రింట్ చేయకపోవడం కూడా. వెబ్ పేజీ తీసేముందు బ్రౌజర్‌లో రీడర్ మోడ్ నొక్కితే ప్రకటనలు, రంగు పట్టీలు పోతాయి. ప్రివ్యూ చూస్తే చివరి పేజీలో ఒక్క లైను మిగిలి ఉంటుంది, దాన్ని వదిలేయొచ్చు. చదివి పడేసే కాగితాలకు డ్రాఫ్ట్ నాణ్యత చాలు. నోట్స్‌ని ఒక పేజీలో రెండు వచ్చేలా పెట్టుకుంటాను. ముదురు రంగు వెనకభాగం ఉన్న స్లైడ్లని మాత్రం అలాగే ప్రింట్ చేయొద్దు, వాటిని తెలుపు చేసి తీయండి. అలాంటి ఒక్క పేజీకి అక్షరాల పేజీలు ఎన్నింటికో సరిపోయే ఇంకు పోతుంది.

ఫాంటు కూడా తేడా చేస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ గ్రీన్ బే విశ్వవిద్యాలయం 2010లో ఏరియల్ నుంచి సెంచరీ గాథిక్‌కి మారింది, ఇంకు 30 శాతం దాకా తక్కువ పడుతుందని. తెలుగులో అయితే రామభద్ర లాంటి లావు అక్షరం శీర్షికలకే ఉంచి, లోపలి పాఠానికి గౌతమి లాంటి సన్నటిది వాడతాను.

లెక్కలబుక్కు:
ఫాంటు విషయంలో ఒక్క మాట తమ్ముడూ. సెంచరీ గాథిక్ అక్షరాలు వెడల్పు, అదే పాఠం ఎక్కువ పేజీలకు పాకొచ్చు, అప్పుడు కాగితం ఖర్చు పెరుగుతుంది. కొన్ని ఫాంట్లు ఇంకు తక్కువ తాగుతున్నట్టు కనిపించేది అవి అదే సైజులో చిన్నగా ఉండడం వల్ల. సన్న అక్షరం చదివే పిల్లల కళ్లకు బాగుండాలి కూడా. నేనైతే ఫాంటుని చివర్లో చూస్తాను, ముందు సెట్టింగ్‌లు.

వానకోయిల:
ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. కొత్త రంగుల కార్ట్రిడ్జ్ వేసిన రోజు నుంచి ఒక పుస్తకంలో రాసిపెట్టాను. ఈ ఆరు వారాల్లో 94 పేజీలు తీశాను. గోడ స్విచ్ ఒక్కసారీ ముట్టుకోలేదు. నల్ల ఇంకు మాత్రమే, సాదా కాగితం, వర్క్‌షీట్లకు డ్రాఫ్ట్. ఆదివారం ఆదివారం మా చిన్నది గీసిన రంగుల పువ్వు ఒకటి స్కాన్ చేసి చిన్న సైజులో తీస్తున్నాను, హెడ్ ఆరకుండా. ఆ పువ్వులన్నీ తను గోడకి అంటించుకుంటోంది.

ఇంతకుముందు ఈపాటికి రంగు ఇంకు ఎంతుందో చూపే గీత సగానికి దిగిపోయేది. ఇప్పుడు కొద్దిగా మాత్రమే తగ్గింది. నలుపు మామూలుగానే తగ్గుతోంది, అది న్యాయమే, కాగితం మీద కనిపిస్తోంది కదా.

లెక్కలబుక్కు గారు చెప్పినట్టు భాగహారం కూడా చేశాను. వారానికి పదిహేను పేజీలకు ట్యాంక్ ప్రింటర్ కొంటే దాని అదనపు ధర తిరిగి రావడానికి ఏళ్లు పట్టేలా ఉంది. కాబట్టి దీన్నే వాడతాను. ఇది పూర్తిగా పోయిన రోజు రంగు ఎంత కావాలో చూసుకుని లేజరా, ట్యాంకా అని ఆలోచిస్తాను.

ఒక సందేహం మిగిలింది పాతరేడియో గారూ. కొన్న కొత్త నల్ల కార్ట్రిడ్జ్ ఒకటి అలాగే ఉంది. ఎన్నాళ్లు దాచొచ్చు?

పాతరేడియో:
సీలు తీయకండి, పెట్టె మీద తేదీ చూడండి, ఎండ తగలని చోట పెట్టండి. ఆ తేదీ లోపల వాడేయడం మంచిది. ఒకవేళ సీలు తీసినది పక్కన పెట్టాల్సి వస్తే రంధ్రాలకు టేపు అంటించి వదలకండి, ఇంకు పాకి రంగులు కలిసిపోతాయి. గాలి చొరని చిన్న డబ్బాలో రంధ్రాలు దేనికీ తగలకుండా పెట్టండి.

మీ పుస్తకం అలాగే కొనసాగించండి. కార్ట్రిడ్జ్ అయిపోయిన రోజు మొత్తం పేజీలు ఇక్కడ రాయండి, పెట్టె మీది అంకెకి ఎంత దగ్గరకి వచ్చారో చూడాలని ఉంది.

వానకోయిల:
తప్పకుండా రాస్తానండి.